గుడ్డు ఇరుక్కున్న మా పెసర: సంక్రాంతి నాలుగు రోజుల నా అనుభవం

మా ఇంట్లో రెండు బడ్జీలు ఉన్నాయి. ఇక్కడ షాపుల్లో వీటిని లవ్ బర్డ్స్ అని అమ్ముతారు. కొన్న మూడు నెలల దాకా నేనూ అలాగే పిలిచాను. ఆకుపచ్చది పెసర, ఆడది. నీలంది మబ్బు, మగది. 2025 సంక్రాంతికి పెసర కడుపులో గుడ్డు ఇరుక్కుని చావు దాకా వెళ్లొచ్చింది. ఎవరిని అడగాలో, ఏం చేయాలో తెలియక ఆ రోజుల్లో నేను పడ్డ అవస్థ ఇంకో ఇంట్లో పడకూడదని ఇది రాస్తున్నాను.

మేముండేది హనుమకొండలో, నయీంనగర్ వైపు, మొదటి అంతస్తు అద్దె ఇల్లు. నేను, మా ఆయన, మా అత్తమ్మ, తొమ్మిదేళ్ల బాబు. బాబు పిట్టలు కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు. అత్తమ్మేమో రామచిలుకను తెమ్మంది. వాళ్ల ఊళ్లో చిన్నప్పుడు చాలా ఇళ్లలో ఉండేదట. కానీ రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జీలు ఆస్ట్రేలియా పక్షులు కాబట్టి ఇంట్లో పెంచుకోవచ్చు. 2024 ఆగస్టు 11న, ఆదివారం, వెళ్లి తెచ్చుకున్నాం. జత 600, పంజరం 1,150, గింజలు కిలో 110, ఒక మట్టి ముంత 60. ముంత ఎందుకని అడిగితే షాపాయన "కట్టండి మేడం, వాటంతట అవే పిల్లలు చేస్తాయి" అన్నాడు. ఇంటికి రాగానే అత్తమ్మ దాన్ని పసుపు బొట్టు పెట్టి పంజరంలో కట్టింది.

అప్పటికి రెండూ పిల్లలే. బడ్జీ పిల్లకు నుదుటి మీద సన్నటి చారలు ముక్కు దాకా వస్తాయి. మూడు నాలుగు నెలలకు ఆ ఈకలు రాలి, నుదురు నున్నగా అవుతుంది. మా రెండింటికీ చారలు ఇంకా ఉన్నాయి.

మొదటి రెండు రోజులు అవి ఏమీ తినలేదు. ఒక మూలకు ఒదిగి కూర్చున్నాయి. గిన్నెలో కొర్రలు అలాగే ఉన్నాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడో రోజు బాబు నాలుగు గింజలు ట్రేలో చల్లాడు. అంతే, రెండూ దిగి తినడం మొదలుపెట్టాయి. వాటికి గిన్నె అంటే ఏమిటో తెలియదు, షాపులో కింద చల్లినవే తినేవి. తర్వాత గింజల్ని రోజుకు కొంచెం కొంచెం గిన్నె వైపు జరుపుతూ అలవాటు చేశాం.

చేతికి అలవాటు కావడానికి 42 రోజులు పట్టింది. రోజూ సాయంత్రం పది నిమిషాలు చెయ్యి పంజరంలో పెట్టి ఊరికే కూర్చునేదాన్ని. కదిలించకుండా. సెప్టెంబర్ 5న మబ్బు నా అరచేతిలో కొర్ర కంకి తిన్నాడు. 22న పెసర నా వేలెక్కింది. పక్షి వేలెక్కితే బరువు ఉండదు, గోళ్ల గిలిగింత, పాదాల వెచ్చదనం మాత్రమే తెలుస్తాయి. ఒక రాత్రి లైటు తీశాక పంజరంలోంచి కిరకిరమని చప్పుడు వస్తే టార్చి వేసి చూశాను. ఒంటికాలి మీద కూర్చుని ముక్కు నూరుకుంటోంది. హాయిగా నిద్రలోకి జారుకునే ముందు అలా చేస్తాయట. అప్పటి నుంచి ఆ చప్పుడు వినపడ్డాకే నేను పడుకుంటున్నాను.

అక్టోబర్ చివరికి మబ్బు ముక్కు మీది మెత్తటి చర్మం ముదురు నీలం అయింది, పెసరది లేత గోధుమ రంగుకు వచ్చింది. అప్పుడే మగ, ఆడ అని ఖాయమైంది. డిసెంబర్‌లో మబ్బు తల పైకీ కిందికీ ఊపుతూ, తిన్నదాన్ని కక్కి పెసర నోట్లో పెట్టడం మొదలుపెట్టాడు. పెసర రోజంతా ముంతలో దూరి బయటికొచ్చేది, కింద పరిచిన పేపరు కొరికి చింపేది. వేలు పెడితే అంతకుముందు ఎన్నడూ లేనిది కరిచింది. ముక్కు చర్మం ముదురు గోధుమ రంగై గరుకుగా అయింది. మేము మురిసిపోయాం. బాబు స్కూల్లో అందరికీ చెప్పాడు.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఒక్కొక్కటీ కనిపిస్తోంది. పెసరకు అప్పటికి ఏడెనిమిది నెలలే, ఏడాది నిండని పిట్ట. తిండి మొత్తం కొర్రలు, సజ్జలు. ఆకుకూర పెడితే విసిరేసేవి, నేనూ రెండుసార్లు పెట్టి వదిలేశాను. పంజరం హాల్లో, టీవీ పక్కన. రాత్రి పదకొండు దాకా లైటు. పొద్దు ఎక్కువసేపు ఉండి, తిండి దండిగా దొరికి, దూరడానికి గూడు ఉంటే ఆడ బడ్జీ ఒళ్లు గుడ్లకు సిద్ధమైపోతుంది. ఆ గుడ్డుకు పెంకు కావాలంటే కాల్షియం కావాలి. అది మాత్రం మేము ఇవ్వలేదు. కాల్షియం కోసం పిట్టలకు పెట్టే సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క ఒకటి పంజరానికి కట్టే ఉంది. కానీ దాని గట్టి వైపు పిట్టల వైపుకు ఉంది. మెత్తటి వైపు లోపలికి తిప్పి కడితేనే అవి గీక్కుని తినగలవు. ఐదు నెలలు అది అలాగే ఉంది, ఒక్క గాటు లేదు. అది చూసైనా నాకు అర్థం కాలేదు.

జనవరి 10 శుక్రవారం ఇంట్లో సకినాలు పెట్టుకున్నాం. నూనె పొగ పిట్టలకు మంచిది కాదని పంజరాన్ని బాల్కనీ తలుపు దగ్గరికి మార్చాను. (నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పక్షుల ప్రాణం తీస్తుందని ఎక్కడో చదివాను, అందుకని వంటింటి విషయంలో జాగ్రత్తగానే ఉండేదాన్ని.) రాత్రి పొద్దుపోయేదాకా పని. పంజరాన్ని మళ్లీ లోపల పెట్టడం మర్చిపోయాం. ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ తలుపు సందులోంచి వచ్చే చలిలోనే ఉన్నాయి.

11వ తేదీ పొద్దున ట్రేలో పేపరు మారుస్తుంటే రెట్టలు తేడాగా ఉన్నాయి. మామూలుగా బడ్జీ రెట్ట చిన్నది, ముదురు ఆకుపచ్చ చుట్ట, మధ్యలో తెల్లటి చుక్క. ఆ రోజు నాలుగింతలు పెద్ద ముద్దలు, వాసన కూడా. అరగలేదేమో అనుకున్నాను. అత్తమ్మ సకినాలు డబ్బాలో సర్దుతూ ఒక్కసారి తొంగి చూసి, "ఇది గుడ్డుకచ్చినట్టున్నది బిడ్డా, కోడి గూడ గిట్లనే చేస్తది" అంది. ఆమె ముప్పై ఏళ్లు కోళ్లు పెంచిన మనిషి. నేను "ఇది కోడి కాదు కదా అత్తమ్మా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

12వ తేదీ ఆదివారం మధ్యాహ్నానికి పెసర ఉబ్బి గుండ్రంగా అయింది. కళ్లు సగం మూసి, కర్ర మీద కాకుండా పంజరం అడుగున కూర్చుంది. పిట్టలు జబ్బును దాచుకుంటాయి, చేతకాని పిట్టను డేగ ముందు పడుతుంది కాబట్టి. మనకు కనపడేలా కూర్చుందంటే ఇక దాచుకునే ఓపిక లేదని. ఇది నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆ మధ్యాహ్నమే ఊరంతా తిరిగేదాన్ని.

సాయంత్రం ఒక పెట్ క్లినిక్‌కు తీసుకెళ్లాం. అక్కడ అన్నీ కుక్కలే, వాటి అరుపులకు పెసర బుట్టలో వణికిపోయింది. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. డాక్టర్ బుట్ట మూత తీసి చూశాడు, ముట్టుకోలేదు. కడుపులో ఇన్ఫెక్షన్ అన్నాడు. మా అత్తమ్మ గుడ్డు అంటోందని చెప్పాను. "ఈ సైజు పిట్టకు అంత ఆలోచించకండి" అన్నాడు. ఫీజు 350, నీళ్లలో కలిపే పొడి 180. తాగని పిట్టకు నీళ్లలో మందు ఎలా ఎక్కుతుందో అడగాలని ఆటోలోకి ఎక్కాక తట్టింది.

13, భోగి. పొద్దున ఐదున్నరకు లేచి చూస్తే పెసర ట్రే మీద రెక్కలు కొంచెం జారవేసి కూర్చుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. మధ్యమధ్యలో ఒళ్లంతా బిగబట్టి ముక్కుతోంది, ఏమీ రావడం లేదు. రాత్రి నుంచి ఒక్క రెట్ట లేదు. చేతిలోకి తీసుకుంటే పారిపోలేదు. ఈకలు ఊది చూస్తే తోక కింద ఉబ్బు కనిపించింది. బయట వీధిలో భోగి మంట వేస్తున్నారు, పొగ వస్తుందని కిటికీలన్నీ మూశాం. బాబు ఏడుపు ఆపడం లేదు.

నాలుగు చోట్లకు ఫోన్ చేశాను. రెండు ఎత్తలేదు, ఒకరు ఊరెళ్లారు, ఒకరు మేము పక్షుల్ని చూడం అన్నారు. చివరికి కాజీపేటలో పిట్టలు పెంచే మా ఆయన స్నేహితుడొకాయన హైదరాబాద్‌లో పక్షుల్ని చూసే డాక్టరమ్మ నంబర్ ఇచ్చాడు. తొమ్మిదింపావుకు వీడియో కాల్, 500 ఆన్‌లైన్‌లో కట్టాం. ఆమె పెసరను రెండు నిమిషాలు చూసి, "గుడ్డు ఇరుక్కుంది. ఎప్పటి నుంచి?" అని అడిగింది. రెండు రోజులు అన్నాను. ఆమె ఒక్క క్షణం మాట్లాడలేదు. నా కాళ్లలో బలం పోయింది.

తర్వాత ఒక్కొక్కటే నిదానంగా చెప్పింది. మబ్బును వేరు చేయండి. వెచ్చగా, దాదాపు 30 డిగ్రీల్లో, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచండి. పక్కన తడి టవల్ పెట్టి గాలిలో చెమ్మ ఉండేలా చూడండి. పొట్ట నొక్కకండి, గుడ్డు లోపల పగిలితే పిట్ట బతకదు. నూనె పోయకండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కు అంచున ఒక్క చుక్క తాకిస్తే చాలు. కాల్షియం ఇంజెక్షన్ పడాలి, ఈరోజే. హైదరాబాద్ తెమ్మంటారా అంటే, మూడు గంటల కుదుపులు ఇప్పుడు తట్టుకోలేదు, మీ దగ్గర ఏ పశువుల డాక్టర్ అయినా సరే, నాతో ఫోన్‌లో మాట్లాడించండి అంది.

వెచ్చదనానికి బల్బు కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ ఎల్ఈడీలే, వాటికి అంత వేడి రాదు. రెండు ఎలక్ట్రికల్ షాపులు మూసి ఉన్నాయి, తెరిచిన ఒక్క షాపులో పాత రకం గుండు బల్బులు ఇప్పుడు పెట్టడం లేదన్నారు. మా ఇంటి ఓనర్ అంకుల్‌కు విషయం తెలిసి, వెనక బాత్రూంలో వెలుగుతున్న పసుపు బల్బును గుడ్డ పట్టుకుని విప్పి తెచ్చిచ్చాడు. 60 వాట్లది. పంజరానికి మూడు వైపులా దుప్పటి కప్పి, నాలుగో వైపు జానెడు దూరంలో ఆ బల్బు పెట్టాం. వేడి ఎంతుందో చూడటానికి జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ పెడితే 'లో' అని మాత్రమే వచ్చింది. అది 32 డిగ్రీల కంటే తక్కువైతే అంకె చూపించదు. మొదట చిరాకేసింది. తర్వాత దాంతోనే పని జరిగింది: అంకె కనపడిందంటే వేడి ఎక్కువైనట్టు, బల్బును కొంచెం వెనక్కి జరిపేదాన్ని.

డాక్టర్‌ను వెతికింది మా ఆయన. హసన్‌పర్తి వైపు గేదెలు, మేకలు చూసే డాక్టర్ ఒకాయన ఇంట్లోనే ఉన్నాడని మందుల షాపులో చెప్పారు. పన్నెండున్నరకు వెళ్లాం. పెసరను చిన్న అట్టపెట్టెలో వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, శాలువా చుట్టి తీసుకెళ్లాను. ఆయన చూసి, ఇంత చిన్న ప్రాణికి ఎన్నడూ ఇంజెక్షన్ చేయలేదని నిజం చెప్పాడు. అయినా కాదనలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి డాక్టరమ్మతో పావుగంట మాట్లాడాడు. ఆమె మొదట అడిగింది బరువెంత అని. మందు కొలత బరువును బట్టే. మాకు తెలియదు. పక్కన కిరాణా షాపు కాటా మీద పెడితే 40 అని చూపించింది, అది ఐదేసి గ్రాముల లెక్కన మాత్రమే చూపిస్తుంది. ఆ అంచనాతోనే లెక్కగట్టారు. షుగర్ వాళ్లు వాడే సన్నటి ఇన్సులిన్ సిరంజి కావాలంటే మా ఆయన పరుగెత్తి తెచ్చాడు. ఎద కండలో గుచ్చుతుంటే పెసర చిన్నగా ఒక్క కేక పెట్టింది. పట్టుకున్న నా చేతికి దాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది, లెక్కపెట్టలేనంత వేగంగా, ఒక్క ఝరిలాగా. ఆయన 100 తీసుకున్నాడు. ఎక్కువ ఇవ్వబోతే వద్దన్నాడు.

ఒకటింపావుకు ఇల్లు చేరాం. ఇక ఎదురుచూడటమే. డాబాల మీద గాలిపటాలు, పాటలు. మేము టీవీ పెట్టలేదు, మాట్లాడుకోలేదు. గంటకోసారి టవల్ తడపడం, థర్మామీటర్ చూడటం, గ్లూకోజ్ నీళ్ల చుక్క ముక్కుకు తాకించడం. సాయంత్రం ఆరింటికి తోక ఊపు కొంచెం తగ్గినట్టు అనిపించింది, ఎనిమిదింటికి మళ్లీ ఎక్కువైంది. హాల్లో వేరే బుట్టలో మబ్బు ఆపకుండా పిలుస్తున్నాడు. పెసర ఒక్కసారి కూడా బదులివ్వలేదు. బాబును పడుకోబెట్టేటప్పుడు "పొద్దున్నకు ఉంటదా అమ్మా" అని అడిగాడు. తెలియదు నాన్నా అన్నాను.

పదకొండుకు అత్తమ్మ నన్ను పడుకోమని తాను కుర్చీ వేసుకుని కూర్చుంది. "ముంత కట్టింది నేనే గదా" అంది. నేను ఏమీ అనలేకపోయాను. నేనూ అక్కడే చాప వేసుకున్నాను.

మూడూ నలభైకి అత్తమ్మ నా భుజం తట్టింది. టవల్ మీద గుడ్డు ఉంది. నా చూపుడు వేలి కొసంత, ఒక పక్క నున్నగా, ఇంకో పక్క సుద్దలాగా గరుకుగా, పెంకు పలుచగా. దాని మీద సన్నటి నెత్తుటి చార. పెసర దాని పక్కనే ముక్కు టవల్‌కు ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. పోయిందనుకున్నాను. వేలితో వీపు తాకితే కన్ను తెరిచింది. నాలుగున్నరకు చుక్క నీళ్లు తనే అందుకుని తాగింది. ఆరింటికి కొర్ర కంకి ముందు పెడితే ఒక గింజ ఒలిచి పొట్టు వదిలింది. ఆ పొట్టు చూసి అత్తమ్మ, నేను ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆ రోజు సంక్రాంతి. ముగ్గు కూడా వేయలేదు.

డాక్టరమ్మకు ఫొటో పంపితే సంతోషపడి, ఇంకో గుడ్డు రావచ్చు, జాగ్రత్త అంది. బడ్జీలు రోజు విడిచి రోజు పెడతాయి. వెచ్చదనం అలాగే ఉంచి, ఆమె రాసిచ్చిన కాల్షియం సిరప్ ఇచ్చాం. 16వ తేదీ రెండోది వచ్చింది, ఈసారి ఇబ్బంది లేకుండా. తీసేస్తే ఆ లోటు పూడ్చుకోవడానికి మళ్లీ పెడుతుందని, ఈ వయసులో పిల్లల్ని పొదిగించే ఓపిక దానికి లేదని, గుడ్లను ఉడికించి చల్లారాక మళ్లీ దాని దగ్గరే పెట్టమన్నారు. అది చేసింది నేనే, చేతులు వణికాయి. బాబు "అందులో పిల్ల ఉందా" అని అడిగాడు. పొదగకముందు పిల్ల తయారవదు, ఇంకా లేదు అని చెప్పాను. పెసర వాటి మీద పన్నెండు రోజులు కూర్చుని, ఒకరోజు లేచి వెళ్లిపోయింది. తర్వాత తీసేశాం.

మొత్తం ఖర్చు క్లినిక్ 530, వీడియో కాల్ 500, ఇంజెక్షన్ 100, సిరంజిలు 20, సిరప్ 140, ఆటోలు 360. అంటే 1,650. జత కొన్నది 600కు. ఇంట్లోకి వచ్చినవాళ్లు కొందరు ఈ లెక్క విని ఆశ్చర్యపోయారు. నాకు దాని మీద వాదించాలని లేదు.

తర్వాత 320 పెట్టి బంగారం తూచేలాంటి చిన్న కాటా కొన్నాను. జనవరి 17న పెసర 32 గ్రాములు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున, తిండి పెట్టకముందు తూచి క్యాలెండర్‌లో రాస్తున్నాం. రోజూ పొద్దున ట్రేలో పేపరు తీసి రెట్టలు చూడందే పారేయను. ముంత అటక మీదికి వెళ్లింది. ఏడింటికల్లా పంజరం మీద గుడ్డ కప్పేస్తాం, టీవీ లోపలి గదిలోకి మారింది. రాత్రి పూర్తి చీకటైతే ఏ పిల్లి అయినా దూకినప్పుడు భయపడి కొట్టుకుంటాయి కాబట్టి చిన్న జీరో బల్బు ఉంచుతున్నాం.

పొద్దున అరగంట కిటికీ తలుపు పూర్తిగా తెరిచి ఎండ తగలనిస్తాను, సగం పంజరానికి నీడ ఉండేలా. ఇన్నాళ్లూ అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అనుకున్నాను, కాల్షియం ఒంటికి పట్టడానికి కావాల్సిన కిరణాల్ని అద్దం ఆపేస్తుందట.

ఆకుకూర తినిపించడానికి మూడు వారాలు పట్టింది. తరిగి గిన్నెలో పెడితే చూడలేదు. ఒకరోజు కొత్తిమీర కట్ట కడిగి, నీళ్లు కారుతుండగానే పంజరం పైనుంచి వేలాడదీశాను. మబ్బు వెళ్లి ఆ తడి ఆకుల్లో దొర్లి స్నానం చేశాడు, చేస్తూ చేస్తూ ఒక ఆకు కొరికాడు. మర్నాడు పెసర. ఇప్పుడు మెంతికూర, మునగాకు కూడా తింటున్నాయి. పాలకూర మాత్రం అరుదుగా పెడుతున్నాను, అందులో ఉండే ఒక పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. వారానికి రెండుసార్లు ఉడికించిన కోడిగుడ్డు, పెంకుతో సహా నలిపి.

2025 మార్చి 2న తూచాం. పెసర 36, మబ్బు 34. తూచడం అయ్యాక పెసర కాటా దిగలేదు, దాని అంచును కొరుకుతూ కూర్చుంది. సముద్రపు నురుగు ముక్క మెత్తటి వైపు ఇప్పుడు సగం దాకా అరిగిపోయింది.